పంటి డాక్టరు దగ్గర ఎర్రగుడ్డ

నా చిన్నప్పుడు మా ఊర్లో ఎన్నడూ మూతపడనివి రెండే ఉండేవి. ఒకటి బస్సు ఆగేచోట ఉన్న టీ అంగడి, రెండోది నా నోరు. టీ అంగడినైనా అమావాస్య నాడు మూసేవాళ్ళు. నా నోటికి ఆ సెలవు కూడా లేదు. బడిలో అయ్యవారు పాఠం చెబుతుంటే ఆయనకంటే నేనే ఎక్కువ మాట్లాడేవాణ్ణి. ఒక గదిలో ఇద్దరు అయ్యవార్లు ఎందుకని నేనే తొందరగా బడి మానుకున్నాను. అంతటి నోరు నా జన్మలో ఒక్కసారే గట్టిగా మూసుకుంది. అదీ, తెరువు నాయనా తెరువు అని అందరూ బతిమాలుతున్నప్పుడు. కడపలో, పంటి డాక్టరు కుర్చీలో.

మాది శనక్కాయ పండించే ఊరు. పిల్లలందరం ఒక జేబులో వేయించిన శనక్కాయలు, ఇంకో జేబులో బెల్లంముక్క వేసుకుని తిరిగేవాళ్ళం. నాకు రెండు జేబుల్లోనూ బెల్లమే. దాని ఫలితం కుడివైపు కింది దవడ పన్ను మీద తేలింది. మొదట నల్లచుక్క, తర్వాత చిన్న గుంట, ఆ తర్వాత చెవి దాకా లాగే పోటు. మా అమ్మ లవంగం పెట్టింది. మా జేజి, అంటే మా నాయనకు అమ్మ, ఉప్పు వేయించి మూటగట్టి దవడకు కాపడం పెట్టింది. కాపడం పెట్టినంత సేపూ బాగుండేది, మూట చల్లారేసరికి పోటు మళ్ళీ మొదలయ్యేది. ఇక కడపకు పోక తప్పదన్నారు.

నాకు ధైర్యం చెప్పడానికి వచ్చింది పక్కింటి అక్క. ఆమెకు ముందటేడు కడపలోనే పన్ను బాగుచేశారు. మంచి మనసుతో, జరిగింది జరిగినట్లు చెప్పింది పాపం. "ఏమీ గాదురా. చిన్న మిషనుతో పన్నుకు బెజ్జం చేస్తారు. ఆ బెజ్జంలో ఏందో కూరుతారు. కూరి పైన గట్టిగా మూసేస్తారు. అంతే, నొప్పి మాయం."

వేరే ఊరి పిల్లవాడైతే ఆ మాటలకు కుదుటపడి ఉండేవాడేమో. నాకు మాత్రం ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఎందుకంటే ఆ ఎండాకాలం మా చేలో బావి లోతు చేస్తున్నారు.

నీళ్ళు అడుగంటి, బావిలో నాపరాయి తగిలింది. గునపానికి లొంగే రాయి కాదది. రోజూ పొద్దున్నుంచి బావి తవ్వేవాళ్ళు సమ్మెటలతో కొట్టి రాతికి బెజ్జం చేసేవాళ్ళు. అందులో పేలుడు మందు తూటా కూరేవాళ్ళు. పైన బంకమన్నుతో గట్టిగా మూసి, వత్తి ఒకటి బయటికి వదిలేవాళ్ళు. సాయంత్రం ఆ వత్తికి నిప్పంటించి, అంటించినాయన మెట్ల మీదుగా ఎగబాకి వచ్చి పరిగెత్తేవాడు. ఆ తర్వాత చేను మొత్తం అదిరేది. రాళ్ళు చింతచెట్టంత ఎత్తు లేచి పడేవి. నేను రోజూ ఆ వేళకు ఎద్దులబండి కింద దూరి, రెండు చెవులూ మూసుకుని, కళ్ళు కూడా మూసుకునేవాణ్ణి.

బెజ్జం చేస్తారు, కూరుతారు, గట్టిగా మూస్తారు. అక్క చెప్పిన వరుసలో ఒక్కటీ తేడా లేదు. ఆఖరున ఏమవుతుందో మాత్రం నేను భయపడతానని ఆమె దాచిపెట్టింది, అంతే. బావి దగ్గరైతే అందరూ పరిగెత్తి తప్పించుకోవచ్చు. పన్ను నా నోట్లో ఉంది. నా నోటిని అక్కడే వదిలేసి నేనెక్కడికి పరిగెత్తేది? మరి అక్క ఎట్లా బతికి బయటపడిందని కూడా ఆలోచించాను. ఆడపిల్ల కదా, చిన్న తూటా వేసుంటారని సర్దిచెప్పుకున్నాను.

అట్లాంటి జ్ఞానంతో మా నాయన వెంట కడప బస్సెక్కాను. పంటి డాక్టరు దర్గాకు పోయే దారిలో ఒక మిద్దెలో ఉండేవాడు. నెరిసిన గడ్డం, మెత్తని మాట, అందరూ డాక్టరు సాయిబు అనేవాళ్ళు. ఆయన గదిలో కుర్చీ పక్కనే ఒక యంత్రం ఉంది. కింద కుట్టుమిషనుకు ఉన్నట్లు తొక్కుడు పలక, పైన పొడుగాటి చెయ్యి, ఆ చేతి కొసన సన్నటి మొన. ఆ మొనను చూడగానే బెజ్జం సంగతి నిజమేనని తేలిపోయింది. ఇక మిగిలిందీ నిజమే అయి ఉండాలి. పండ్లు బిగించాను. మా నాయన గద్దించాడు. బుగ్గ నొక్కి చూశాడు. తోడొచ్చిన మా చిన్నాయన నా చేతులు పట్టుకున్నాడు. వాళ్ళు పట్టుకునేకొద్దీ నా దవడ ఇంకా బిగుసుకుంది.

డాక్టరే వాళ్ళిద్దరినీ ఆపాడు. "వదలండప్పా. పట్టి కట్టేస్తే ఈ పొద్దు పని అయితాది గానీ, పిల్లోడు బతికినన్నాళ్ళూ ఏ డాక్టరు గడపా తొక్కడు." తర్వాత మా నాయనతో విడిగా చెప్పాడు. అది పాలపన్ను కాదు, పోతే ఇంకొకటి రాదు. ఇప్పుడైతే శుభ్రం చేసి నింపి నిలబెట్టవచ్చు. పుచ్చు వేరు దాకా దిగిందంటే ఊడబీకడమే. ఎక్కువ రోజులు ఆగేది కాదు, వాడంతట వాడు నోరు తెరిచేటట్లుంటే తొందరగా తీసుకురండి అన్నాడు.

ఊర్లో అడుగుపెట్టేసరికి ఈ సంగతి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. నేను ఎవరెవరిని ఎగతాళి చేశానో వాళ్ళందరికీ పండగైంది. టీ అంగడాయన నన్ను చూడగానే, "ఏమప్పా, తెరువమంటే మూసుకునే నోరని తెలిసింటే మేమెప్పుడో తెరువమని అడిగింటిమి గదా!" అన్నాడు. ఎదురు మాట అనబోతే చల్లగాలి పన్నుకు తగిలి ప్రాణం జివ్వుమంది. మాటకు మాట అనలేకపోవడం నాకదే మొదలు. ఆ అవమానం ముందు పంటిపోటు తక్కువే అనిపించింది.

అప్పుడు ఈ వ్యవహారంలోకి మా జేజినాయన వచ్చాడు. అంటే మా నాయనకు నాయన. పొడుగాటి మనిషి, తెల్లటి మీసాలు, తక్కువ మాట. ఆయన నోట్లో ముందు పండ్లు కొన్ని తప్ప దవడ పండ్లు లేవు. చేను నిండా శనక్కాయలు పండించే మనిషి గుప్పెడు శనక్కాయలు నమల్లేడు. మా జేజి వాటిని రోట్లో పొడిగొట్టి, సంగటిలో కలిపి పెట్టేది. అది మాకు రోజూ కనబడేదే కాబట్టి ఎందుకట్లా అని ఎవరమూ అడగలేదు.

ఆయన నన్ను బావి దగ్గరికి తీసుకుపోయి, తవ్విపోసిన రాళ్ళ గుట్ట మీద కూర్చోబెట్టి, ఎవరూ అడగని మాట అడిగాడు. "ఏమిరా అబ్బోడా, నీకు దేనికి భయం? సూదికా? నొప్పికా?"

నేను నేల చూపులు చూస్తూ, "పేల్తాదని" అన్నాను.

"ఏంది పేలేది?"

అంతా చెప్పాను. బెజ్జం, కూరడం, మూయడం, నా నోరు, నేను పరిగెత్తలేకపోవడం. ఆయన మీసాల కింద ఏదో కదిలింది గానీ నవ్వు బయటికి రానీయలేదు. ఆ ఒక్క మర్యాదకు నేను ఆయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను. ఆ వేళ ఆయన పకపకా నవ్వి ఉంటే నా దవడ ఇప్పటికీ తెరుచుకునేది కాదు.

"పేల్తాదో పేలదో మనమే పోయి సూసుకుందాం. ఆ డాక్టరు చేతిలో వత్తి కనబడిందా, నిన్ను సంకనేసుకోని నేనే పరిగెత్తుతా, సరేనా?" అన్నాడు. అని, తన భుజం మీది ఎర్ర తువ్వాల తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ తువ్వాల సంగతి చెప్పాలి. బావి పక్కనే ఊరికి పోయే బండ్లబాట ఉంది. మనుషులూ గొడ్లూ వస్తూ పోతూ ఉంటారు. అందుకని తూటా పేల్చే వేళకు మా జేజినాయన గట్టు అంచున నిలబడి ఎర్రగుడ్డ పైకెత్తి పట్టుకునేవాడు. అది పైన ఉన్నంత సేపూ బావి అడుగున ఉన్నాయన అగ్గిపుల్ల గీయకూడదు. గుడ్డ కిందికి దిగితేనే గీయాలి. కింద ఉన్నాయనకు బాట కనబడదు, మనిషి కనబడడు, ఆకాశంలో ఆ ఎర్రటి గుడ్డ ఒక్కటే కనబడుతుంది. పొద్దు గూకినా సరే, ఎవరెంత తొందరలో ఉన్నా సరే, అది దిగందే పని జరగదు. ఆ గుడ్డను ఆయన కొడుకుల చేతికి కూడా ఇచ్చేవాడు కాదు.

అట్లాంటిది నా చేతికి ఇచ్చాడు. "ఈ పొద్దు నువ్వు పట్టు. నేను పక్కనే ఉంటా. బాట సూసుకో. నీకు సరే అనిపించినప్పుడు దించు. అంతవరకూ నేను గానీ, మీ నాయన గానీ, ఆ కిందున్నాయన గానీ ఎవురమూ నిన్ను తొందర పెట్టము."

నేను నిలబడి గుడ్డ పైకెత్తాను. బావి అడుగు నుంచి ఒక గొంతు పైకి వచ్చింది. "ఏమప్పో, ఈ పొద్దు పెద్దమనిషి పొట్టిగా అయిపోయినాడే!" అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బాట మీద ఒకామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఆమె మెల్లగా నడుస్తోంది. నేను గుడ్డ దించలేదు. ఆమె మలుపు తిరిగి కనబడకుండా పోయింది. చెయ్యి నొప్పి పుట్టింది. ఇంకోసారి బాట రెండు వైపులా చూశాను. గొడ్లు లేవు, మనుషులు లేరు. కింద వత్తి దగ్గరున్నాయన, గట్టు మీది వాళ్ళు, అందరూ నా చెయ్యి వంకే చూస్తున్నారు. అంతమంది పెద్దవాళ్ళు నా మాట కోసం ఆగడం నాకు అదే మొదటిసారి, అదీ నోరు మెదపకుండా.

గుడ్డ దించాను. మా జేజినాయన నా భుజం పట్టుకుని రాళ్ళకుప్ప వెనక్కు నడిపించాడు. వత్తి అంటించినాయన పైకొచ్చి మా పక్కనే కూలబడ్డాడు. చేను అదిరింది. రాళ్ళు లేచాయి, పడ్డాయి. దుమ్ము తగ్గాక మా జేజినాయన నా చేతుల వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. గుడ్డ రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. చెవులు మూసుకోవడం మరిచిపోయాను.

"రోజూ ఇదే చప్పుడు గదరా. ఈ పొద్దు చెవులు మూసుకోలేదేమి?"

"ఎప్పుడు పేల్తాదో నాకు తెలుసు గదా జేజినాయనా. నేనే గదా దించింది."

"ఊఁ," అన్నాడు. ఆ తువ్వాల మాత్రం తిరిగి తీసుకోలేదు. "మడిచి జేబులో పెట్టుకో. తెల్లారి కడపలో పనుండాది దాంతో" అన్నాడు.

మరుసటి రోజు డాక్టరు సాయిబు గదిలో మా జేజినాయన తలపాగా తీసి, ఆయన ఎదురుగా కూర్చుని, బావి సంగతి, గుడ్డ సంగతి నిదానంగా చెప్పాడు. పొలంలో నీటి వంతు మాట్లాడుకునే పెద్దమనుషుల్లా ఉన్నారిద్దరూ. అంతా విన్నాక డాక్టరు నా వైపు తిరిగాడు. ఆయన కూడా నవ్వలేదు. అలమార తెరిచి లోపలున్నవన్నీ బల్ల మీద పెట్టాడు. చిన్న అద్దం, వంకర సూదులు, దూది, పన్నులో నింపే తెల్లటి పొడి, వెండిరంగు పొడి. ఒక్కొక్కటీ నా చేతికిచ్చి చూడమన్నాడు. నేను డబ్బాల మూతలు తీసి వాసన చూశాను, బల్ల కిందికి వంగి చూశాను.

"ఏం వెతుకుతాండావు బాబూ?"

"వత్తి."

"లేదు. కావాలంటే నా జేబులు గూడా సూడు" అని చొక్కా జేబు తిరగేసి చూపించాడు. నేను దాన్నీ తడిమి చూసి ఒప్పుకున్నాను. తూటా భయం అక్కడికి పోయింది. కానీ మొన భయం, సూది భయం ఉన్నచోటే ఉన్నాయి. అబద్ధమైన భయం పోయినంత సులభంగా నిజమైన భయం పోదు.

డాక్టరు తన కాలు తొక్కుడు పలక మీద పెట్టి చూపించాడు. "ఇదో, ఈ కాలు ఆడితేనే మిషను తిరుగుతాది. నీ గుడ్డ పైకి లేచిందంటే నా కాలు ఆగుతాది. ఎందుకెత్తినావని అడగను. ఇది నా మాట." తర్వాత సూది చూపించాడు. "చీమ కుట్టినట్లు ఉంటాదని అబద్ధం చెప్పను. తేలు కుట్టినట్లు మాత్రం ఉండదు. ఆ రెండిటికీ మధ్యలో ఉంటాది. చిగుళ్ళు మొద్దుబారినాక ఇంక మిషను చప్పుడే తప్ప నొప్పి పెద్దగా తెలీదు."

పెద్దవాళ్ళలో నాకు నొప్పి ఉంటుందని ముందే చెప్పిన మనిషి ఆయనొక్కడే. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు కాబట్టి, లేదన్నప్పుడు కూడా నమ్మాలనిపించింది.

కుర్చీలో వెనక్కు వాలాను. వెంటనే గుడ్డ ఎత్తాను. ఆయన ఇంకా ఏమీ మొదలుపెట్టనే లేదు. సరే అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను గుడ్డ దించలేదు. గోడ గడియారం టక్కు టక్కుమంటోంది. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూస్తున్నారు. ఎవరూ తొందర పెట్టలేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది. అప్పుడు మూలన కూర్చున్న మా జేజినాయన ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నట్లు అన్నాడు. "గుడ్డ పైకే పట్టుకోని ఉంటే పొద్దు గూకేదాకా ఎవురూ అంటించరు. అది నీ ఇష్టమే అబ్బోడా. కానీ బావిలో నీళ్ళు మాత్రం పడవు."

నేను గుడ్డ దించి, నోరు తెరిచాను.

సూది ఆయన చెప్పినట్లే ఉంది, రెండిటికీ మధ్యలో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గుడ్డ ఎత్తలేదు. కాసేపటికి బుగ్గ నాది కాదన్నట్లు మొద్దుబారింది. మిషను తిరగడం మొదలైంది. ఆ చప్పుడు చెవిలో కాదు, తలకాయ లోపల మోగింది. గుడ్డ ఎత్తాను. కాలు ఆగింది. నిజంగా ఆగింది. దించాను, తిరిగింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ ఆగింది. నిజం చెప్పాలంటే అందులో భయం కొంత, కోతి చేష్ట కొంత. అంత పెద్ద డాక్టరు కాలును నేను ఆడిస్తున్నానన్న సంబరం కూడా ఉంది. ఆయన ఎన్నిసార్లు ఆపినా ముఖం చిట్లించలేదు. మాటంటే మాటే.

కొంచెం లోపలికి పోయాక ఒకచోట జివ్వుమంది. అప్పుడు ఎత్తింది మాత్రం ఆటకు కాదు. ఆయన ఆపి, దూది మార్చి, ఇంకొంచెం మందు వేసి, అది పట్టేదాకా ఊరికే కూర్చున్నాడు. ఆ తర్వాత తెలియకుండానే నేను ఊపిరి బిగబట్టాను. మూల నుంచి మా జేజినాయన గొంతు వినిపించింది. "సమ్మెట కొట్టేటోళ్ళు ఎట్ల కొడతారురా? ఊపిరి బిగబట్టుకోని కొడతారా, వదుల్తా కొడతారా?" నోరు తెరిచి ఉన్నవాడు జవాబెట్లా చెబుతాడు? బావిలో వాళ్ళు దెబ్బ దెబ్బకూ హుఁ అని ఊపిరి వదలడం గుర్తొచ్చింది. ముక్కుతో నిదానంగా వదిలాను. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. పిడికిట్లో గుడ్డ కూడా సడలింది. ఇంకోసారి పీల్చాను, ఇంకోసారి వదిలాను. పైకప్పుకు వేసిన దూలాల మధ్య ఒక పిచ్చుక గూడు కట్టుకుంటోంది. అది గడ్డిపోచ తెచ్చుకోవడం, జారవిడవడం, మళ్ళీ తెచ్చుకోవడం చూస్తూ ఉండిపోయాను.

"అయిపాయ" అని డాక్టరు అద్దం చేతికిచ్చినప్పుడు గుడ్డ కోసం చూసుకున్నాను. అది నా ఒళ్ళో కూడా లేదు. ఎప్పుడో కింద నాపరాళ్ళ మీద పడిపోయి ఉంది. ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

తిరుగు బస్సెక్కే ముందు మా జేజినాయన వేడి వేడి శనక్కాయల పొట్లం కొన్నాడు. కొని నా చేతిలో పెట్టి, "ఇప్పుడు తినొద్దు. రేపు పొద్దున ఆ పక్కనే నమిలి నాకు చెప్పు" అన్నాడు. బస్సు కదిలింది. దవడ మొద్దుబారి ఉన్నా నా నోరు తిరిగి దారిన పడింది. ముద్ద ముద్దగా మాట్లాడుతూనే, నీకెట్లా తెలిసింది జేజినాయనా, గుడ్డ ఇస్తే భయం పోతాదని, అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"నీయంత పిల్లోనప్పుడు గాదు, మీ నాయన పుట్టినంకనే. నా పన్ను నొప్పికి నేనొక డాక్టరు కాడికి పోయినా. వాకిలి కాడిదాకా పోయి, లోపల ఎవురో అరిస్తే ఇని, ఎనక్కి తిరిగొచ్చినా. మళ్ళీ పోలా. ఒకటెనక ఒకటి అన్నీ పోయినాయి." నా ఒళ్ళోని తువ్వాల వంక చూసి అన్నాడు. "నాకెవురూ గుడ్డ ఇయ్యలేదు అబ్బోడా."

పొలంలో పాము కనబడితే కట్టె తీసుకుని నిలబడే మనిషి మా జేజినాయన. ఆయనకు భయం అనేది ఉంటుందని ఆ బస్సులోనే మొదటిసారి విన్నాను. నాకు ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. అయినా ఏమీ అనలేదు. ఆయన చేతిలో తువ్వాల పెట్టబోతే, ఉండనీ అన్నట్లు తల ఊపాడు.

మరుసటి పొద్దున అరుగు మీద ఆయన ఎదురుగా కూర్చుని శనక్కాయలు కుడివైపు వేసుకుని నమిలాను. చల్లారి మెత్తబడతాయని మా జేజి వాటిని మళ్ళీ మంగలంలో వేయించి ఇచ్చింది. కటకటమని చప్పుడు వచ్చింది. ఆయన తల కొంచెం పక్కకు వంచి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. పొట్లం అయిపోయేదాకా లేవలేదు.

ఆ బావిలో ఆ ఎండాకాలమే నీళ్ళు పడ్డాయి. తర్వాత ఎండిపోయింది, పూడిపోయింది, ఇప్పుడక్కడ ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. మా జేజినాయన పోయి ఎన్నో ఏండ్లయింది. ఆ పన్ను మాత్రం నా నోట్లోనే ఉంది. మధ్యలో ఒకసారి అందులో నింపిన సిమెంటు మార్పించుకున్నాను గానీ పన్ను అదే. ఇప్పటికీ శనక్కాయలు ఆ పక్కనే నములుతాను.

భయం అనేది నాకు తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది. నాకు ధైర్యవంతుడనే పేరుంది గానీ అది నా నోరు సంపాదించిన పేరు. కంటికి ఆపరేషన్ చేయించుకున్న నాడు, డాక్టరు బల్ల మీద పడుకోబెట్టాక నేను అడిగింది ఒకటే. అయ్యా, మధ్యలో నేను మీకేమైనా చెప్పాలంటే ఎట్లా చెప్పాల? నర్సమ్మ నవ్వింది. డాక్టరు మాత్రం, తల కదపొద్దు పెద్దాయనా, ఈ వేలు ఎత్తు చాలు అన్నాడు. ఆ వేలు ఎత్తే అవసరం రాలేదు. ఎత్తవచ్చునని తెలిస్తే చాలు, చాలా వాటికి ఎత్తే పని పడదు. కడపలో నేను నీటి మోటర్ల అంగడి పెట్టుకున్నాక, రైతుల వెంట వచ్చిన చిన్నపిల్లలు మోటరు చప్పుడుకు జడుసుకుని తల్లి కొంగు చాటుకు పోతే, వాళ్ళను పిలిచి స్విచ్చు మీద వేలు పెట్టిస్తాను. ఆన్ చేసేదీ నువ్వే, ఆపేదీ నువ్వే అంటాను. రెండోసారికి వాళ్ళే ఇంకోసారి అంటారు. వాళ్ళను ఇంటికి పంపడమే కష్టం.

ఎర్ర తువ్వాల అదే కాదులెండి. అది ఎప్పుడో చిరిగి పీలికలైంది. కానీ భుజాన ఎర్రదే వేసుకోవడం నాకు అలవాటైపోయింది. మొన్న ఆ పన్నులో సిమెంటు మళ్ళీ కదిలితే, మా వీధి చివర కొత్తగా ఆసుపత్రి పెట్టిన పంటి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మా మనవరాలి ఈడు పిల్ల. కుర్చీలో కూర్చుని, గుడ్డ తీసి చూపించి, "అమ్మా, ఇది పైకి లేస్తే నువ్వు ఆపాల" అన్నాను. ఎందుకని కూడా అడగకుండా సరే తాతా అంది. చూస్తే ఆమె మిషనుకూ కాలి కిందే పలక ఉంది. కరెంటు వచ్చింది గానీ ఆగాల్సింది ఇప్పటికీ కాలే.

ఆమె చెయ్యి చాలా మెత్తన. నొప్పి ఏమీ లేదు. నాకేమో ఆ కాలి పలకను చూసేసరికి బావి గుర్తొచ్చింది. గుడ్డ ఎత్తాను, ఆమె ఆపింది, బావి సంగతి చెప్పాను. దించాను, ఆమె మొదలుపెట్టింది, వత్తి వెతికిన సంగతి గుర్తొచ్చింది. ఎత్తాను, చెప్పాను. తర్వాత టీ అంగడాయన మాట గుర్తొచ్చింది. అదీ చెప్పాను. పిచ్చుక సంగతి చెబుతుండగా బయట కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూసి నవ్వుతున్నారు. ఇంకో మాట గుర్తొచ్చి గుడ్డ ఎత్తేసరికి, ఆ పిల్ల మిషను పక్కన పెట్టి, మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని, చెయ్యి చాపింది.

"ఆ ఎర్రగుడ్డ ఇట్ల నాకియ్యి తాతా. నీకు నొప్పీ లేదు, భయమూ లేదు. ఈడ ఆపాల్సింది నా మిషను గాదు, నీ నోరు. ఇంక నేనెత్తుతా, నువ్వు ఆపు."